పాపతో పన్నెండు వందల కిలోమీటర్లు!

చంటిబిడ్డతో ప్రయాణమంటే మన ఊళ్లో పెద్దవాళ్లు పది జాగ్రత్తలు చెబుతారు. పొద్దుగూకే వేళ పొలిమేర దాటొద్దంటారు. దిష్టిచుక్క మరిచిపోవద్దంటారు. ఉగ్గుగిన్నె సంచిలో పెట్టారా అని గుమ్మం దాటేదాకా అడుగుతూనే ఉంటారు. దేశం కాని దేశంలో మన పక్కన ఆ పెద్దవాళ్లు ఉండరు. ఫోన్లో మ్యాపు ఉంటుంది. షార్జా నుంచి సలాలాకు ఎంతసేపని అడిగితే 'పన్నెండు, పదమూడు గంటలు' అని చెబుతుంది. ఆ లెక్క కారుకు. కార్లో కూర్చున్న ఏడు నెలల పాపకు వేరే లెక్క ఉంటుందని ఆ మ్యాపు చెప్పదు. ఆ సంగతి తెలుసుకోడానికి మాకు ఒక ప్రయాణం చెడింది, ఒక రాత్రి ఆస్పత్రిలో గడిచింది. మాలాగా పిల్లల్ని వేసుకుని బయల్దేరదామనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

సలాలాయే ఎందుకంటే...

గల్ఫ్‌లో ఉండేవాళ్లకు సలాలా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒమన్‌కు దక్షిణపు కొసన, యెమెన్ వైపు, ధోఫార్ ప్రాంతంలో ఉంటుంది. జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు మూడోవారం దాకా అక్కడ 'ఖరీఫ్'. మన ఖరీఫ్ పంటకాలం పేరూ అదే అరబ్బీ మాట. అరేబియా సముద్రం మీంచి వచ్చే రుతుపవనాల తేమ అక్కడి కొండలకు తగిలి మంచులా, సన్నటి జల్లులా కురుస్తుంది. దుబాయ్‌లో 45 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో అక్కడ పాతిక చుట్టూ ఉంటుంది. కొండలన్నీ పచ్చబడతాయి. అన్నిటికీ మించి... కొబ్బరిచెట్లు! అరటితోటలు! రోడ్డు పక్కన బొండాల దుకాణాలు!

మాది కోనసీమ. పాప నాన్న షార్జాలో ఓ కంపెనీలో స్టోర్‌కీపర్. యూఏఈలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం కనీసం 4 వేల దిర్హమ్‌లు, లేదంటే 3 వేలతో పాటు వసతి చూపించాలి. ఆ గీత దాటాం కాబట్టి వీసా అయితే వచ్చింది. కానీ పాప పుట్టాక అద్దె, ఆస్పత్రి, డైపర్లు, పాలడబ్బాలు... లెక్క ఎటు వేసినా కుదరలేదు. అక్టోబరులో పాపా, పాప అమ్మా ఊరికి వెళ్లిపోవాలని, నాన్న మళ్లీ బ్యాచిలర్ రూముకు మారాలని నిర్ణయించుకున్నాం. వెళ్లేలోగా ముగ్గురం కలిసి ఒక్క ప్రయాణం చేయాలి, పాపకు ఒకసారి కొబ్బరిచెట్టు చూపించాలి అనుకున్నాం. విమానం ఉందిగా అంటారేమో! ఖరీఫ్ సీజన్లో టికెట్ల ధర చూశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పాత కారు ఉంది, రోడ్డు ఉంది. అంతే.

మొదటిసారి బోర్డరు దగ్గరే...

జులైలో మొదటి ప్రయత్నం. పాపకు అప్పటికి ఏడు నెలలు. డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. రాత్రంతా నడిపి తెల్లారేసరికి సలాలాలో దిగాలని మా ప్లాను. అల్ ఐన్ దాటి మెజ్యద్ సరిహద్దుకు చేరేసరికి సెలవుల రద్దీ. కార్ల బారు కదల్లేదు. మా వంతు వచ్చాక ఇంకో పిడుగు. మా కారు ఇన్సూరెన్సు ఒమన్‌లో చెల్లదట! పాలసీ ఇచ్చిన ఏజెంటు 'అన్నీ ఉన్నాయి సార్' అని ఫోన్లో చెప్పిన మాటే నమ్మాం తప్ప కాగితం తిరగేసి చూడలేదు. అక్కడే కొత్తది తీసుకోవచ్చని కిటికీల మధ్య తిరుగుతుంటే వెనక సీట్లోంచి పాప అమ్మ పిలిచింది.

"ఏవండీ, డైపర్ మధ్యాహ్నం నుంచీ పొడిగానే ఉందండీ."

అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకుంది. ఏడుస్తోంది కానీ కళ్లలో నీళ్లు లేవు. పెదాలు ఎండిపోయాయి. మాడు మీద చెయ్యి పెడితే మెత్తటి చోటు కాస్త లోపలికి పోయినట్టు తగిలింది. కారు వెనక్కి తిప్పాం. అల్ ఐన్‌లో ఆస్పత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఒళ్లు ఎండిపోయిందన్నారు. కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ పట్టించి, రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు. తెల్లవారుజామున డైపర్ తడిసింది. ఆ తడిని చూసి మేం ఇద్దరం ఏడ్చాం. నవ్వకండి!

పొద్దున్న డాక్టరమ్మ తిట్టలేదు. ఒకటే అడిగింది: "పాప చివరిసారి ఎప్పుడు తడిపిందో మీకు తెలుసా?" మాకు పెట్రోలు ఎంతుందో తెలుసు. ఎన్ని కిలోమీటర్లు వచ్చామో తెలుసు. అది మాత్రం తెలీదు. పసిపిల్లలు ఆరు గంటలు మూత్రం పోయకపోతే ఇంకేమీ ఆలోచించకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలని చెప్పింది.

ఇంటికొచ్చి ఇక సలాలా మాటే వద్దనుకున్నాం. ఊళ్లో నానమ్మకు చెబితే 'బోటిమ్'లోనే కేకలు. "చంటిదాన్ని ఎడారిలో తిప్పుతావా? నీకు బుద్ధుందా?"

అన్న చెప్పిన లెక్క

మా కింది ఫ్లాటులో జగిత్యాల అన్న ఉంటాడు. చాలా ఏళ్లు ఒమన్ రూట్లో ట్రైలర్ నడిపినవాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"తమ్మీ, పసిపిల్లతోని గంత దూరం ఒక్క రాత్రిల పోతవా? ఎడారిల రోడ్డు సక్కగుంటది, గందుకే నిద్రొస్తది. పొద్దుగూకినంక ఒంటెలొస్తయి. పాప పన్నప్పుడు నువ్వు నడుపు, పాప లేసినప్పుడు నువ్వు ఆగు. గంతే."

ఆ ఒక్క మాట మీద మా ప్రయాణం మొత్తం మళ్లీ గీసుకున్నాం. ఎనిమిది రోజుల సెలవు. పోవడానికి మూడు రోజులు, ఉండటానికి రెండు, రావడానికి మూడు. ఎనిమిదిలో ఆరు రోజులు రోడ్డు మీదేనా అని ఆఫీసులో నవ్వారు. నవ్వనీండి అనుకున్నాం.

మొదటిరోజు షార్జా నుంచి అల్ ఐన్, ఇబ్రీ మీదుగా నిజ్వా. దాదాపు 400 కిలోమీటర్లు. రెండోరోజు నిజ్వా నుంచి ఆదమ్ మీదుగా హైమా. దాదాపు 350. మూడోరోజు హైమా నుంచి తుమ్రైత్ మీదుగా సలాలా. అది దాదాపు 500, అన్నిటికంటే పొడుగైన రోజు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలి. పాపకు అది నిద్ర వేళ. ప్రతి రెండు గంటలకు ఒకసారి పాపను సీట్లోంచి తీసి కనీసం అరగంట ఆడించాలి. చీకటి పడ్డాక కారు కదలకూడదు. మూడు రాత్రులకూ ముందే గదులు మాట్లాడుకున్నాం. దారి మధ్యలో గది దొరక్కపోతే పెద్దవాళ్లం కార్లోనైనా పడుకుంటాం. పాపను అలా పడుకోబెట్టలేం కదా.

ముందు కాగితాలు

పిల్లలు చిన్నవాళ్లే కదా, తల్లి పాస్‌పోర్టు మీద వెళ్లిపోతారు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా కుదరదు. ఎంత చంటిబిడ్డయినా సొంత పాస్‌పోర్టు, సొంత వీసా ఉండాల్సిందే. యూఏఈలో బిడ్డ పుడితే 120 రోజుల్లోగా రెసిడెన్సీ తీసుకోవాలి. ఆలస్యమైతే జరిమానా పడుతుంది. మన ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఢిల్లీ నుంచి అనుమతి కావాలి. పిల్లల కాగితాలు 'తర్వాత చూద్దాం' అంటే ఎంత తలనొప్పో అనుభవించిన వాళ్లను అడగండి!

పాస్‌పోర్టుల్లో కనీసం ఆరు నెలల గడువు, రెసిడెన్సీలో మూడు నెలలకు తక్కువ కాకుండా గడువు చూసుకున్నాం. ఒమన్ వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలోనే ఒమన్ పోలీసుల వీసా వెబ్‌సైట్లో చూసుకోవడం మంచిది. కారు విషయానికొస్తే ముల్కియా అసలుది చేతిలో ఉండాలి. కారు వేరేవాళ్ల పేరు మీద ఉంటే వాళ్ల దగ్గర, బ్యాంకు లోను మీద ఉంటే బ్యాంకు దగ్గర, అద్దె కారయితే కంపెనీ దగ్గర అభ్యంతరం లేదన్న లేఖ అడిగి పెట్టుకోవాలి. ఇన్సూరెన్సుకు 'ఆరంజ్ కార్డు' అంటారే, అది ఒమన్‌కు చెల్లుతుందని దాని మీద రాసి ఉండాలి. ఈసారి ఆ కాగితాన్ని ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం చదివాం.

సంచుల్లో ఏముందో కూడా చూసుకోండి. ఊరి నుంచి అమ్మ పంపిన మసాలా పొట్లాల్లో గసగసాలు ఉంటే తీసేయండి. యూఏఈలో అవి నిషేధం. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో దొరికితే వంట సామాను అని చెప్పినా వినరు, కేసే! మందులు కూడా డబ్బాతో, డాక్టరు చీటీతో సహా పెట్టుకోవాలి. కొన్ని దగ్గు మందులు, నొప్పి మాత్రలు ఇక్కడ నియంత్రణలో ఉన్నాయి.

'ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలదా?'

చాలదు. మేమూ మొదట్లో అలాగే అనుకున్నవాళ్లమే. మన దగ్గర బస్సుల్లో, ఆటోల్లో తల్లి ఒడే సీటు. కానీ గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్కసారిగా ఆగితే ఎంత గట్టిగా పట్టుకున్న చేతులైనా బిడ్డను ఆపలేవు. యూఏఈలో 2017 నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. లేకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా, నాలుగు బ్లాక్ పాయింట్లు. ఒమన్‌లోనూ పిల్లలకు సీటు ఉండాల్సిందే. చంటిపిల్లల సీటు వెనక సీట్లో, పాప ముఖం కారు వెనకవైపుకు ఉండేలా బిగించాలి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట అస్సలు పెట్టకూడదు.

కొత్త సీటు ఖరీదే. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే అది ప్రమాదానికి గురైన కార్లోది కాదని, గడువు తేదీ దాటలేదని చూసుకోండి. మాకు తెలిసిన కుటుంబం వాళ్ల బాబు వాడినది ఇచ్చారు. అయితే పాప అందులో కూర్చుంటే కదా! రెండు నిమిషాల్లో ఏడుపు. అందుకని ప్రయాణానికి మూడు వారాల ముందు నుంచి రోజూ సాయంత్రం పాపను సీట్లో పెట్టి నేషనల్ పెయింట్స్ దాకా ఒక రౌండు కొట్టాం. షార్జా ట్రాఫిక్‌లో ఏడవకుండా ఉండటం నేర్చుకుంటే ఎడారిలో ఏడుస్తుందా!

ఇంకో మాట. పెట్రోలు బంకులో రెండు నిమిషాలే కదా అని పిల్లల్ని కార్లో వదిలి తాళం వేసి వెళ్లకండి. ఎండలో ఆపిన కార్లో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరిగిపోతుంది. గల్ఫ్ వేసవిలో ఆ పది నిమిషాలు కూడా చాలా ఎక్కువ.

ఉగ్గు, ఫ్లాస్కు, ఒక నోటుపుస్తకం

తిండి దగ్గర కొత్త ప్రయోగాలు చేయలేదు. ఇంట్లో అలవాటైన బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన ఉగ్గుపొడి, రాగిపిండి, అరటిపళ్లు. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు. ఎక్కడ ఆగితే అక్కడ వేడినీళ్లతో ఉగ్గు కలిపేయడమే. పాలపొడి విడివిడిగా చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టాం. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోశాం. తల్లిపాలు ఇచ్చేవాళ్లకు ఈ బాధ లేదు గానీ తల్లి నీళ్లు బాగా తాగాలి, కారు ఆపి సీట్లోంచి తీశాకే పాలివ్వాలి. తేనె నాకిస్తే నిద్రపోతుందని ఎవరో చెప్పారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదమని డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పింది. ఆరు నెలలలోపు పిల్లలకైతే తల్లిపాలో, డబ్బాపాలో తప్ప నీళ్లు కూడా వద్దంటారు.

అన్నిటికంటే పనికొచ్చింది ఒక రూపాయి నోటుపుస్తకం. ఎన్నింటికి ఏం తాగింది, ఎన్నింటికి డైపర్ తడిసింది, అంతే. పాప అమ్మ రాసేది. ప్రతి స్టాపులో నాన్న అడిగే మొదటి ప్రశ్న పెట్రోలు గురించి కాదు, 'తడిసిందా?' అని! వెనక కిటికీలకు ఎండ తగలకుండా జాలీ తెరలు, పాపకు పల్చటి నూలు బట్టలు, పెద్దవాళ్లకూ పాపకూ కలిపి రెండు రోజులకు సరిపడా నీళ్లు కార్లో ఎప్పుడూ ఉంచాం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం చుక్కలు, థర్మామీటరు చేతికందే సంచిలో పెట్టాం. ఎంత మోతాదో డాక్టరు చేత ముందే రాయించుకున్నాం.

హైమా దాటాక

ఆగస్టు ఆఖరివారంలో బయల్దేరాం. తెల్లారేసరికి మెజ్యద్‌లో ఉన్నాం. ఈసారి కాగితాలన్నీ చూసి అధికారి పాపకేసి నవ్వి ముద్ర వేశాడు. నిజ్వాలో సాయంత్రం కోట గోడ నీడన పాప పాకింది. రెండోరోజు ఆదమ్ దాటాక అసలైన ఎడారి. పడమటి వైపు ఎక్కడో రుబ్ అల్ ఖాలీ ఇసుక సముద్రం. మాకు కనపడేది మాత్రం బల్లపరుపు నేల, దూరంగా కరెంటు స్తంభాలు. ఊరన్నది గంటకోసారి వస్తే గొప్ప. ఫోన్ సిగ్నల్ వచ్చి పోతుంటుంది. ట్యాంకు సగానికి దిగకుండానే కనపడిన ప్రతి బంకులో నింపుకోవాలని అన్న చెప్పాడు. అలాగే చేశాం.

హైమాలో రాత్రి ఆగి, మూడోరోజు ఇంకా చీకటి ఉండగానే లేచాం, వెలుగొచ్చాకే కదిలాం. ఘఫ్తైన్ దాటాక గాలి మొదలైంది. రోడ్డు మీద ఇసుక పాముల్లా పాకుతోంది. ముందు కారు వెనక లైట్లు కనపడటం మానేశాయి. మొదటిసారైతే 'ఇంకాస్త పోదాం' అనేవాళ్లమే. పోలేదు. రోడ్డు దిగి బంకు పక్కన రెస్టారెంటులో రెండు గంటలు కూర్చున్నాం. అక్కడ వడ్డించే బంగ్లాదేశ్ కుర్రాడు పాపను ఎత్తుకుని తన ఫోన్లో తన కూతురి ఫొటో చూపించాడు. ఆ అమ్మాయికి మూడేళ్లు. ఆమె పుట్టాక అతను ఒక్కసారే ఊరెళ్లాడట. పాపను తిరిగి ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశాడు. మేమూ అడగలేదు.

తుమ్రైత్ దాటి కొండ దిగువకు తిరిగేసరికి ఒక్కసారిగా మంచు. ఏసీ ఆపేసి అద్దాలు దించాం. చల్లటి తుంపర పాప ముఖం మీద పడింది. పుట్టినప్పటి నుంచి వాన చూడని పిల్ల! కళ్లు చికిలించి, నాలుక బయటపెట్టి రుచి చూసింది. అక్కడ ఒంటెలు, ఆవులు రోడ్డు మీదికి వస్తాయి. పది అడుగుల ముందు ఏముందో కనపడదు. నెమ్మదిగా దిగాలి.

సలాలాలో రెండు రోజులు

చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాదీ దర్బాత్ జలపాతాలు, నబీ అయ్యూబ్ సమాధి, 2000లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సాంబ్రాణి చెట్ల సీమ. మేం అన్నీ చూడలేదు. పాపతో రోజుకు ఒక చోటే అని ముందే అనుకున్నాం.

ముగ్సైల్ గురించి ఒక్క మాట చెప్పాలి. సముద్రపు నీరు రాతి రంధ్రాల్లోంచి పైకి చిమ్మే చోటు అది. ఖరీఫ్‌లో అలలు చాలా పెద్దవి. 2022 జులైలో అక్కడ రక్షణ కంచె దాటి వెళ్లిన ఓ భారతీయ కుటుంబంలోని వాళ్లను అల లాక్కుపోయింది. చనిపోయిన వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఫొటో కోసం కంచె దాటకండి. దూరం నుంచి చూసినా అది అందంగానే ఉంటుంది.

మా అసలు పని కొబ్బరితోట దగ్గర. బొండాల దుకాణం పక్కన చెట్టు మొదలుకు ఆనించి పాపను నిలబెట్టాం. నానమ్మకు వీడియో పంపాం. జులైలో తిట్టిన నానమ్మే రెండుసార్లు చూసి అంది: "ఒరేయ్, ఇది అంబాజీపేట రోడ్డులా లేదూ? సరే, దోమలున్నాయేమో చూసుకో, చెవులకు గుడ్డ కట్టు."

దోమలున్నాయి. దోమతెర పట్టుకెళ్లాం.

వచ్చాక

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. పాపతో ప్రయాణానికి అంతకంటే మంచి వార్త ఉండదు. అక్టోబరులో పాపా, అమ్మా ఊరెళ్లారు. ఇప్పుడు మేం రెండు చోట్ల ఉన్నాం. ఈ కబుర్లన్నీ ఫోన్లో ఒకరికొకరం గుర్తుచేసుకుంటూ రాసినవి. నోటుపుస్తకం అమ్మ దగ్గరుంది. పాప సీటు ఇంకా కార్లోనే ఉంది. రూమువాళ్లు వెనక ఇరుకవుతోంది తీసెయ్యమంటున్నారు. వచ్చే నెల తీస్తామని చెబుతున్నాం.

కుటుంబాన్ని పంపించేసే ముందు గానీ, సెలవు దొరికినప్పుడు గానీ పిల్లలతో ఒక్కసారి ఎక్కడికైనా వెళ్లిరండి. సలాలాయే కానక్కర్లేదు. హత్తా అయినా, ఖోర్ఫక్కాన్ అయినా సరే. కాగితాలు రెండుసార్లు చదవండి. దూరాన్ని పాప నిద్రతో కొలవండి. ఒమన్‌లో ఆపదొస్తే 9999, యూఏఈలో పోలీసులకు 999, అంబులెన్సుకు 998 అని ఫోన్లో పెట్టుకోండి. బిడ్డ తీరు తేడాగా ఉంటే ఎంత దూరం వచ్చినా సరే, కారు వెనక్కి తిప్పండి. సలాలా ఎక్కడికీ పోదు. మేం రెండోసారి వెళ్లినప్పుడు అక్కడే ఉంది!